ఇంటి ఒప్పందంలో ‘ఫస్ట్ క్వాలిటీ’ అంటే ఏది?

సంపాదకులకు నమస్కారం.

సొంత స్థలంలో ఇల్లు కట్టించుకునేవాళ్లు మేస్త్రీతోనో చిన్న కాంట్రాక్టరుతోనో రాసుకునే ఒప్పంద పత్రం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను రోడ్లు భవనాల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా రిటైరైనదాన్ని. సర్వీసులో ఎక్కువ భాగం ఎస్టిమేట్లు, టెండరు షెడ్యూళ్లు తయారు చేయడంలోనే గడిచింది. ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాను. ఇల్లు మొదలుపెట్టే ముందు ప్లాను చూపించి వెళ్లేవాళ్లు కొద్దిమందే. సగం కట్టాక గొడవపడి అగ్రిమెంటు చేతపట్టుకుని వచ్చేవాళ్లు చాలామంది.

ఆ అగ్రిమెంట్లు దాదాపు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. వంద రూపాయల స్టాంపు కాగితం. మొదటి పేజీలో ఇద్దరి పేర్లు, తండ్రుల పేర్లు, ఆధార్ నంబర్లు, సర్వే నంబరు, స్థలం ఎన్ని గజాలు, తూర్పున ఎవరి ఇల్లు, దక్షిణాన ఏ రోడ్డు, అన్నీ పొల్లుపోకుండా రాసి ఉంటాయి. రాసినాయన దస్తావేజు లేఖరి. భూమి గురించి ఎలా రాయాలో ఆయనకు కొట్టిన పిండి. ఆ భూమి మీద లేవబోయే ఇంటి సంగతికి వచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యం: ‘చదరపు అడుగుకి రూ.1,950 చొప్పున, ఫస్ట్ క్వాలిటీ మెటీరియల్‌తో, మంచి పనితనంతో కట్టి తాళం చేతికి ఇచ్చుటకు ఒప్పుకున్నారు.’ ఆ తరువాత డబ్బు ఏ దశలో ఎంత ఇవ్వాలో మళ్లీ వివరంగా ఉంటుంది. పాతిక, ముప్ఫై లక్షల పనికి ఆధారం ఆ ఒక్క వాక్యమే. కాసు బంగారం కొనడానికి వెళ్తే 916 ముద్ర ఉందా లేదా అని తిప్పి తిప్పి చూసే మనుషులం, జన్మకొక్కసారి కట్టుకునే ఇంటికి ‘ఫస్ట్ క్వాలిటీ’ అన్న మాటతో తృప్తిపడి సంతకం పెడుతున్నాం.

ఈమధ్య సామర్లకోట వైపు నుంచి ఒక టీచర్ల జంట వచ్చారు. కింద మూడు గదులు, పైన రెండు గదులు. గోడలు, స్లాబులు పూర్తయి, పూతల దగ్గర పని ఆగిపోయింది. మేస్త్రీ డబ్బిస్తే గాని రానంటాడు, వీళ్లు వచ్చి చేస్తే గాని ఇవ్వమంటారు. ఆవిడ తగాదాలన్నీ ఒక నోటుబుక్కులో వరసగా రాసుకొచ్చారు. మొదటిది కొలత. అడుగుకి 1,950 అన్నారు సరే, ఏ అడుగు? మేస్త్రీ స్లాబు పరిచిన మేరంతా కొలిచాడు. పోర్టికో, బాల్కనీ, మెట్ల మీది హెడ్‌రూమ్, ఆఖరికి సన్‌షేడ్లు కూడా లెక్కలో కలిపాడు. వీళ్లు గోడల బయటి అంచు వరకే కొలిచారు. తేడా రెండు వందల అడుగుల పైచిలుకు, డబ్బులో నాలుగు లక్షలు. ప్లింత్ ఏరియా, అంటే ఇంటి కట్టుబడి విస్తీర్ణం, ఎలా కొలవాలో చెప్పడానికి ఐఎస్ 3861 అని ఒక భారత ప్రమాణం ఉంది. ‘ఆ ప్రమాణం ప్రకారం కొలుస్తాం’ అనో, ‘పోర్టికో సగం లెక్క, సన్‌షేడ్లు లెక్కలోకి రావు’ అనో ఒక్క ముక్క రాసుకుని ఉంటే ఆ నాలుగు లక్షల తగాదా పుట్టేదే కాదు.

రెండోది తలుపులు. అగ్రిమెంటులో చేత్తో ఒక లైను అదనంగా రాయించారు, ‘ముందు గుమ్మం టేకు’ అని. మేస్త్రీ తెచ్చింది టేకే. తోటల్లో పెంచిన లేత చెట్టు, అంచుల్లో తెల్ల చెక్క కనిపిస్తోంది. ఈ దంపతుల మనసులో ఉన్నది మహారాష్ట్ర అడవుల నుంచి వచ్చే బలార్షా టేకు. మేస్త్రీ మోసం చేశాడని వాళ్లంటారు. టేకు అంటే టేకే తెచ్చానని అతనంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మా టెండర్లలో అయితే ఆ ఒక్క గుమ్మానికి ఏ జాతి కలప, బాగా ఆరినదై ఉండాలని, తెల్ల చెక్క, పగుళ్లు, పెద్ద ముళ్లు ఉండకూడదని, ద్వారబంధం చెక్క 100 × 65 మిల్లీమీటర్లని, రెక్క మందం 35 మిల్లీమీటర్లని, గోడలోకి ఎన్ని హోల్డ్‌ఫాస్టులు (బంధాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు) పెట్టాలని రాస్తాం. రాయడానికి ఆరు లైన్లు పడుతుంది. ఆ ఆరు లైన్లు ఉంటే కలప అడితిలోనే సంగతి తేలిపోతుంది, గుమ్మం గోడలో నిలబెట్టాక కొట్లాట ఉండదు.

ఇక లప్పం ఎన్ని కోట్లు, వంటగది గట్టుకి ఏ రాయి, సంపు ఈ రేటులోనే ఉందా, ప్రహరీ ఎవరిది, బోరు మోటారు ఎవరు కొనాలి, ఆ జాబితా అలా సాగింది. చివరికి ఆవిడ, ‘ఎవరిది తప్పో మీరే చెప్పండి మేడమ్’ అన్నారు. ఆ కాగితాన్ని బట్టి ఎవరి తప్పూ చెప్పలేం. ఏది ఒప్పుకున్నారో అందులో లేదు గనుక ఏది తప్పిందో కూడా లేదు.

తలుపులు, టైల్స్ గొడవలు ఎంతైనా డబ్బుతో పోయేవి. నాకు భయం పుట్టించేది ఎవరూ గొడవపడని కాంక్రీటు. మా గోదావరి జిల్లాల్లో ఏ మేస్త్రీని ‘స్లాబుకి మాలు ఎంత?’ అని అడిగినా తడుముకోకుండా ‘ఒకటి రెండు నాలుగు’ అంటాడు. సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, కంకర నాలుగు పాళ్లు. తన గురువు దగ్గర నేర్చుకున్న లెక్క అది. ఆ పాళ్లకు సుమారుగా వచ్చేది ఎం15 గ్రేడు. గ్రేడు అంటే కాంక్రీటు బలం, అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ. కాంక్రీటు పనికి ప్రమాణమైన కోడ్ ఐఎస్ 456. 1978 నాటి ఆ కోడ్‌లో ఇనుము వేసిన కాంక్రీటుకు ఎం15 చెల్లేది. 2000 సంవత్సరంలో ఆ కోడ్‌ను సవరించి, ఇనుము వేసే ఏ కాంక్రీటూ ఎం20కి తగ్గకూడదన్నారు. పాతికేళ్లు దాటింది. ప్రభుత్వ టెండర్లలో ఆ మార్పు కాగితం మీదకు ఎక్కింది కాబట్టి అమలులోకి వచ్చింది. నోటిమాట మీద నడిచే ఇళ్లలో ఎవరూ రాయలేదు, ఎవరూ మార్చలేదు. ఈ రోజుకీ మన ఊళ్లలో కొత్త ఇళ్ల స్లాబులు ఎప్పుడో రద్దయిన లెక్కతో పడుతున్నాయి.

సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు ఇది ఇంకా పెద్ద ఆపద. కట్టడం చుట్టూ గాలి, నేల, నీరు ఎలాంటివో చూసి ఐఎస్ 456 వాటిని అయిదు తరగతులు చేసింది. తీరప్రాంతంలో ఉప్పుగాలి నేరుగా తగలకుండా మరుగున ఉన్న కాంక్రీటుకు కూడా కనీసం ఎం25 ఉండాలి, ఘనపు మీటరుకు 300 కిలోలకు తగ్గకుండా సిమెంటు పడాలి, నీళ్లు సిమెంటు బరువులో సగానికి మించకూడదు, ఇనుము మీద 30 మిల్లీమీటర్ల కవరు, అంటే రాడ్డును కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. తీరపు వాతావరణానికి నేరుగా గురయ్యే భాగాలకు ఎం30, 320 కిలోలు, 45 మిల్లీమీటర్లు. పాళ్ల లెక్కన కలిపే పద్ధతిని కోడ్ ఎం20 వరకే ఒప్పుకుంటుంది. ఆపైన ల్యాబులో మిక్స్ డిజైను చేయించాలి, లేదా రెడీమిక్స్ తెప్పించాలి. కాకినాడ, మచిలీపట్నం, భీమిలి లాంటి ఊళ్లలో సముద్రపు గాలి తగిలే వీధిలో ఇల్లు కట్టుకునే మామూలు మనిషికి ఈ మాట ఎవరు చెబుతున్నారు? సైటులో చూస్తే స్లాబు రాడ్లు సెంట్రింగ్ రేకుల మీద పడుకుని ఉంటాయి, లేదా కింద అక్కడక్కడ కంకర పెచ్చు దూర్చి ఉంటుంది. పదేళ్లో పదిహేనేళ్లో గడిచాక స్లాబు అడుగు ఉబ్బి, పెచ్చులు రాలి, తుప్పు పట్టిన రాడ్డు బయటికి కనబడుతుంది. ఉప్పుగాలి కదండీ, తప్పదు అంటారు. తప్పించుకునే దారి కోడ్‌లో ఉంది. ఒప్పందంలోకి రాలేదు.

ఉప్పుగాలి నేరుగా తగలని స్లాబు గురించి రాయవలసిన మాటలు ఇక్కడ పూర్తిగా రాస్తాను. పాఠకులు కత్తిరించి దాచుకున్నా సంతోషమే. ‘స్లాబు మందం 125 మి.మీ. కాంక్రీటు ఎం25, 20 మి.మీ. కంకరతో, ల్యాబు ఇచ్చిన మిక్స్ డిజైను ప్రకారం. సిమెంటు ఘనపు మీటరుకు 300 కిలోలకు తగ్గరాదు. మిల్లరులో కలపాలి, వైబ్రేటరుతో కూర్చాలి. కలిపిన తరువాత పైనుంచి నీళ్లు పోయరాదు. ఇనుము ఎఫ్‌ఈ 500డి, ఐఎస్ఐ ముద్ర ఉన్నది, డ్రాయింగులో చూపిన సైజు, చూపిన ఎడం. అడుగు కవరు 30 మి.మీ., కాంక్రీటు కవర్ బ్లాకులతోనే. ఇనుము కట్టడం పూర్తయ్యాక యజమానికి, ఇంజినీరుకు చూపించి సంతకం తీసుకోకుండా పోయరాదు. పోసిన రోజున ఆరు క్యూబులు (పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మెలు) తీసి, 28వ రోజున ల్యాబులో పరీక్షించాలి. పరీక్ష ఖర్చు యజమానిది, క్యూబులు పరీక్షలో తప్పితే ఆపై పరీక్షల ఖర్చు, సరిచేసే ఖర్చు కాంట్రాక్టరుది. మడులు కట్టి 10 రోజులకు తగ్గకుండా నీళ్లు నిలపాలి. నీళ్లు, కరెంటు యజమాని ఇవ్వాలి, తడిపే మనిషి కాంట్రాక్టరు మనిషి. దూలాల మధ్య ఎడం 4.5 మీటర్ల లోపైతే కింద ఊతాలు 7 రోజులు, దాటితే 14 రోజులు తీయరాదు. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు వాడితే ఇంజినీరు చెప్పినన్ని రోజులు అదనం.’

ఆరు క్యూబులు అన్నది నా ఇష్టం కొద్దీ పెట్టిన సంఖ్య కాదు. వెయ్యి అడుగుల స్లాబుకు సుమారు 12 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. 6 నుంచి 15 ఘనపు మీటర్ల మధ్య పనికి రెండు శాంపిళ్లు తీయాలని, ఒక్కో శాంపిలుకు మూడు క్యూబులని కోడ్ చెబుతోంది. పది రోజులు నీళ్లు కూడా అలాంటిదే. మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం ఏడు రోజులు, పీపీసీకి గాని ఎండ వేడికి ఎండిపోయే చోట గాని పది రోజులు. ఇప్పుడు ఇళ్లకు వచ్చే బస్తాల్లో పీపీసీయే చాలా ఎక్కువ. బస్తా మీద చదవకుండా ‘వారం తడిపాం కదా’ అనుకుంటారు.

పై మాటల్లో ‘మంచి’, ‘గట్టి’, ‘నాణ్యమైన’ అన్నవి ఎక్కడా లేవు. ప్రతి మాటనూ మూడో మనిషి వచ్చి టేపు పెట్టి, తూచి, లెక్కపెట్టి, అవునో కాదో తేల్చగలడు. స్పెసిఫికేషన్ అంటే నా దృష్టిలో ఇదే. ఏ వస్తువు, ఎంత, ఎలా చేయాలి, సరిగ్గా చేశారని ఎలా తెలుస్తుంది, తేడా వస్తే ఎవరి ఖర్చు. ముఖ్యంగా కప్పేయబోయే పనిని కప్పకముందే చూపించాలన్న మాట తప్పకుండా ఉండాలి. పునాది గొయ్యిలో కాంక్రీటు పడ్డాక నేల కనిపించదు. స్లాబు పడ్డాక ఇనుము కనిపించదు. గోడ లోపలి పైపుల్లో నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూడటం పూతకు ముందే జరగాలి. స్నానాల గదిలో వాటర్‌ప్రూఫింగ్ చేశాక టైల్స్ వేయకముందు రెండు రోజులు నీళ్లు నిలిపి కింద తడి చూడాలి. టైల్స్ వేశాక కింది గది పైకప్పు మీద మరక వస్తే, తప్పు ప్లంబరుదా, తాపీదా, వాటర్‌ప్రూఫింగ్ చేసినవాడిదా అన్నది ఎవరూ తేల్చలేరు.

ఇనుము సంగతి ఒక్క మాట. రాడ్డు బరువు మీటరుకు ఎంతో ఎవరైనా లెక్కకట్టొచ్చు. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే కిలోల్లో వస్తుంది. 12 మి.మీ. రాడ్డు మీటరుకు 0.888 కిలో, 12 మీటర్ల రాడ్డు పది కిలోల ముప్పావు కంటే కొంచెం తక్కువ. ఈ సైజుకు రాడ్ల ప్రమాణం ఐఎస్ 1786 ఒప్పుకునే తేడా 5 శాతం. అంతకంటే తేలిక రాడ్డు వస్తే వెనక్కి పంపే హక్కు ఒప్పందంలో రాసుకోవాలి, కాటా రసీదు యజమానికి ఇవ్వాలని కూడా.

రేటు గురించి చాలామందికి ఒక భ్రమ ఉంది. ఒక మేస్త్రీ 1,950 అన్నాడు, ఇంకొకాయన 1,700కే చేస్తానన్నాడు, రెండో ఆయన చవక అని నిర్ణయించేస్తారు. మా శాఖలో రేటు ఎలా పుడుతుందో చూడండి. ఏటా స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్ వస్తుంది. అందులో సిమెంటు, ఇసుక, కంకర, కూలి ధరలు ఉంటాయి. ఒక ఘనపు మీటరు ఫలానా కాంక్రీటుకు ఏది ఎంత పడుతుందో స్టాండర్డ్ డేటా చెబుతుంది. ఈ రెండూ కలిస్తే రేటు. ముందు స్పెసిఫికేషన్, ఆ తరువాతే ధర. స్పెసిఫికేషన్ లేనిదే 1,950 ఎక్కువో 1,700 ఎక్కువో చెప్పే ఇంజినీరు ఈ భూమ్మీద లేడు. 1,700 మనిషి బయటి గోడలు కూడా నాలుగున్నర అంగుళాలే కడతాడేమో, పునాది అడుగున్నర లోతుకే ఆపుతాడేమో, బేస్‌మెంట్లో గ్రావెలు బదులు తవ్విన మట్టే నింపుతాడేమో. గుంటూరు, కృష్ణా వైపు నల్లరేగడి నేలల్లో ఆ చివరి రెండే ఇంటిని చీల్చేస్తాయి. ఒకే స్పెసిఫికేషన్ ముగ్గురి చేతిలో పెట్టి ధర అడిగితేనే పోల్చడానికి వీలు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి మనకు స్టాండర్డ్ స్పెసిఫికేషన్ల సంప్రదాయం ఉంది. మద్రాసు వాళ్లదే ఆంధ్రప్రదేశ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్‌గా మారింది, ఉమ్మడి రాష్ట్రమంతా దాని మీదే పనులు జరిగాయి. టెండరులో ఒక ఐటం పక్కన దాని నంబరు వేస్తే చాలు, వెనక ఉన్న పేజీలన్నీ ఒప్పందంలో భాగమైపోతాయి. కేంద్ర ప్రజా పనుల శాఖ వాళ్ల ఒప్పందంలో ఇంకో మంచి నియమం ఉంది. కాగితాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే దేని మాట చెల్లుతుందో వరస రాసి పెట్టారు. మొదట పరిమాణాల షెడ్యూలులో ఉన్న వర్ణన, తరువాత ఆ పనికి ప్రత్యేకంగా రాసిన స్పెసిఫికేషన్, తరువాత డ్రాయింగు, తరువాత శాఖ స్టాండర్డ్ స్పెసిఫికేషన్, ఆఖరున బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణాలు. ఇళ్ల విషయంలో ఇది చాలా అవసరం. బ్యాంకు లోను కోసం ఇంజినీరు ఇచ్చిన ఎస్టిమేటులో ఒకటుంటుంది, మున్సిపాలిటీ ప్లానులో ఇంకొకటుంటుంది, మేస్త్రీ అగ్రిమెంటులో ఏదీ ఉండదు. లోను ఎస్టిమేటులో తొమ్మిది అంగుళాల గోడలు, విట్రిఫైడ్ టైల్స్, టేకు తలుపులు అన్నీ కళకళలాడుతూ ఉంటాయి. దాన్ని మేస్త్రీ కంటితో చూసి ఉండడు.

స్పెసిఫికేషన్ ఉన్నంత మాత్రాన ప్రభుత్వ భవనాలన్నీ చక్కగా ఉన్నాయా అని అడిగేవాళ్లుంటారు. లేవు. చూసేవాళ్లు చూడకపోతే ఎంత మంచి కాగితమైనా బీరువాలోనే ఉంటుంది. కానీ ఒక తేడా ఉంది. తప్పు బయటపడినప్పుడు, ఇదిగో ఇక్కడ ఇలా చేస్తానని ఒప్పుకున్నావు, ఇలా చేయలేదు అని వేలు పెట్టి చూపించి, విప్పించి మళ్లీ చేయించిన పనులు, బిల్లులో కోత వేసిన పనులు నా సర్వీసులో ఉన్నాయి. సామర్లకోట దంపతులకు వేలు పెట్టి చూపించడానికి ఒక అక్షరం లేదు.

మేస్త్రీల పక్షాన కూడా ఇంతే గట్టిగా చెప్పాలి. మోసపోయేది ఇంటివాళ్లే అనుకోవడం అన్యాయం. నా దగ్గరికి ఒక పెద్ద వయసు తాపీ మేస్త్రీ వచ్చేవాడు, చేతి పని దేవుడిచ్చిన వరం అనిపించే మనిషి. గొల్లప్రోలు వైపు ఒక ఇంటికి అడుగు లెక్కన ఒప్పుకున్నాడు. సగంలో ఇంటివాళ్లు మెట్లకు గ్రానైట్ అన్నారు. మేడ మీద పిట్టగోడ బదులు స్టీలు రెయిలింగు అన్నారు. హాల్లో మా వియ్యంకుల ఇంట్లో ఉన్నట్టు ఫాల్స్ సీలింగు కావాలన్నారు. ప్రతిసారీ ‘తరువాత చూసుకుందాం మేస్త్రీ’ అన్నారు. గృహప్రవేశం అయిపోయింది, బట్టలు పెట్టారు, ఆఖరి లక్షన్నర ఆపేశారు. అవన్నీ ‘తాళం చేతికి’లోనే ఉన్నాయట. కూలీల డబ్బు అతను వడ్డీకి తెచ్చి కట్టాడు. మా టెండర్లలో అయితే ఒప్పందంలో లేని పని మొదలుపెట్టే ముందే దానికి రేటు తేల్చి అనుబంధ ఒప్పందం రాసుకోవాలి. ఇక్కడ ఒక స్పెసిఫికేషన్ కాగితం, దాని వెనక అదనపు పనులకు తేదీ, రేటు, రెండు సంతకాలు వేసే ఖాళీ పట్టిక ఉంటే ఆ ముసలాయన కూలి ఆయనకు దక్కేది.

ఫ్లాట్లు కొనేవాళ్లకు చట్టం కొంత అండ ఇచ్చింది. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం అమ్మకపు ఒప్పందంలో స్పెసిఫికేషన్లు ఉండి తీరాలి. కొన్నవాళ్ల అనుమతి లేకుండా వాటిని, ఫిట్టింగులను మార్చకూడదు. స్వాధీనం చేసిన అయిదేళ్ల లోపు నిర్మాణ లోపం గాని పనితనంలో లోపం గాని బయటపడి చెబితే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. అయినా బ్రోచర్లలో ‘ప్రముఖ కంపెనీ లేదా దానికి సమానమైన’ అన్న మాట చూడండి. సమానమని ఎవరు నిర్ణయిస్తారో రాయకపోతే ఆ మాటకు అడ్డూ అదుపూ ఉండదు. స్థలం ఇచ్చి సగం ఫ్లాట్లు తీసుకునే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్లలో స్థలం యజమానులు వాటాల శాతం మీద పెట్టే శ్రద్ధ స్పెసిఫికేషన్ మీద పెట్టరు. అలాంటి యజమాని కూడా వినియోగదారుడేనని, బిల్డరు మాట తప్పితే వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. వెళ్లాక అడిగే మొదటి ప్రశ్న మాత్రం అదే, మీరు ఏం ఒప్పుకున్నారు?

సొంత స్థలంలో మేస్త్రీతో ఒక్క ఇల్లు కట్టించుకునేవాళ్లు రెరా కిందికి రారు. వాళ్లకు మిగిలేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం, వినియోగదారుల చట్టం. కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ చూడండి. అర్థం నిశ్చయంగా తెలియని, తెలుసుకునే వీలు కూడా లేని ఒప్పందం చెల్లదు అంటుంది. ఉదాహరణగా వంద టన్నుల నూనె అమ్ముతానని ఒప్పుకున్న మనిషిని చూపుతుంది. ఏ నూనో చెప్పలేదు గనుక ఆ ఒప్పందం చెల్లదు. నేను లాయరును కాను. కానీ ‘ఫస్ట్ క్వాలిటీ మెటీరియల్’ అని చదివినప్పుడల్లా నాకు ఆ నూనె గుర్తుకొస్తుంది.

ఇంత రాసుకుంటే మేస్త్రీ రేటు పెంచేస్తాడని అందరూ అంటారు. పెంచుతాడు. ఎం25 కాంక్రీటుకు, కవర్ బ్లాకులకు, పది రోజుల తడికి డబ్బు ఖర్చవుతుంది. అది మొదటి రోజునే తెలిస్తే గది తగ్గించుకుంటారో, పై అంతస్తు వాయిదా వేసుకుంటారో ఇంటివాళ్లు తేల్చుకోవచ్చు. రేటు తగ్గించి ఇనుము మీద కవరు తీసేయడం మాత్రం వాళ్లు కోరుకున్న పొదుపు కాదు, వాళ్లకు ఎవరూ చెప్పకుండా జరిగిపోయేది.

నా విన్నపం ప్రభుత్వానికి. చిన్న ఇళ్లకు సరిపోయే నమూనా స్పెసిఫికేషన్‌ను తెలుగులో, పది పేజీలకు మించకుండా, పెద్ద అక్షరాలతో తయారు చేయించండి. తీరానికి ఒకటి, నల్లరేగడికి ఒకటి, మిగతా నేలలకు ఒకటి. ఏటా రేట్లు ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ చీఫ్ ఇంజినీర్స్ తలచుకుంటే ఇది పెద్ద పని కాదు, విషయమంతా వాళ్ల దగ్గర ఇంగ్లిషులో ఉన్నదే. ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఆ పత్రం జతచేసి ఇవ్వండి. గృహరుణం ఇచ్చే బ్యాంకులు ఎస్టిమేటుతో పాటు, దానికి సరిపోలే స్పెసిఫికేషన్ మీద మేస్త్రీ సంతకం కూడా అడగాలి. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లకు 400 నుంచి 600 చదరపు అడుగుల పరిమితి పెట్టి 5 లక్షలు ఇస్తున్నారు. ఇక్కడైనా అక్కడైనా ప్రభుత్వం డబ్బిచ్చే ఇళ్లతోనే ఈ పద్ధతి మొదలుపెట్టవచ్చు. ఆ ఇళ్లు కట్టుకునేవాళ్లు ఇంజినీరును పెట్టుకోలేరు, వాళ్లకే ఈ కాగితం అందరికంటే ఎక్కువ అవసరం. పాలిటెక్నిక్ సివిల్ విద్యార్థులకు ప్రాజెక్టు పనిగా తలా ఒక ఇంటి ఒప్పందం రాయించినా వాళ్లకు చదువు, ఊరికి మేలు.

పత్రికగా మీరు చేయగలిగిందీ ఉంది. వారానికి ఒక అంశం చొప్పున, పునాది, గోడ, స్లాబు, పూత, పైపులు, కరెంటు అని జిల్లా పేజీలో కత్తిరించుకునేలా వేయండి. నేను తెలుగులో ఒక ముసాయిదా రాసి పెట్టుకున్నాను. ఎవరు అడిగినా ఇస్తాను, డబ్బు అక్కర్లేదు. దాన్ని నలుగురైదుగురు మేస్త్రీల ముందు పెట్టి బిగ్గరగా చదివించాను. వాళ్లలో సంతకం తప్ప రాయడం రానివాళ్లూ ఉన్నారు, వినగానే ప్రతి మాటా పట్టుకున్నారు. స్లాబు పేరాలో ‘తడిపే మనిషి కాంట్రాక్టరు మనిషి’ అన్నదానికి ముందు ‘నీళ్లు, కరెంటు యజమాని ఇవ్వాలి’ అని చేర్పించింది వాళ్లే. ఇంకొకటి కూడా అడిగి రాయించారు. టైల్స్, రంగులు, స్నానాల గది సామాను యజమాని ఎంచుకోవలసిన తేదీలు ముందే వేసుకోవాలి, ఆ తేదీ దాటి పని ఆగితే ఆగిన రోజులకు మేస్త్రీ మనుషుల కూలి యజమాని ఇవ్వాలి. ఆ మాట ఇప్పుడు ముసాయిదాలో ఉంది.

ఇట్లు,
రోడ్లు భవనాల శాఖ విశ్రాంత ఇంజినీరు,
కాకినాడ